బ్రెజిల్ బీళ్ళలో నెల్లూరు పశువులు: బీటిమేత, పైదాణా

ఈ సంవత్సరపు సంచికయందు తల్లిదండ్రులకు ఉపయోగపడునట్టి విషయమొకటి వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. పరీక్షలను గూర్చియు, మాతృభాషలో చదువుకొనుటను గూర్చియు మేము ప్రతియేట వ్రాయుచునే యున్నాము. ఈ మారు పశువుల మేతను గూర్చి వ్రాయదలచితిమి. ప్రధానోపాధ్యాయునకు పశువులతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. కాని మన పాఠశాలలో చదువు పిల్లలలో పెక్కుమంది యిండ్లలో ఆవో, ఎద్దో, గేదెయో కలదు. వేసవి వచ్చునప్పటికి వాని డొక్కలు లోనికి పోయి, ప్రక్కటెముకలు లెక్కకు వచ్చుట మనమందరము ఏటేట చూచుచున్నదే.

ఈ తలంపు మాకు కలుగుటకు కారణమొక బాలుడు. ఎనిమిదవ తరగతి భూగోళ పాఠమున బ్రెజిల్ దేశమును గూర్చి చెప్పుచు, అచ్చట కాఫీయు, చెరకును, పశువులును విస్తారమనియు, ఆ పశువులలో అధికభాగము మన నెల్లూరు, ఒంగోలు సీమల సంతతియే యనియు చెప్పితిమి. పిల్లలు సంతోషించిరి. అంతలో ఒకడు లేచి, "సార్, అక్కడ వాటికి చొప్ప ఎవరు వేస్తారు?" అని అడిగెను. ఆ ప్రశ్నకు ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. పిదప చదివి తెలిసికొన్నది ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ పేరు సంగతి. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ యేట గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను. 1970లో నేటి ప్రకాశం జిల్లాలో భాగమయ్యెను. కనుక వెనుకటి కాలమున ఓడలెక్కిన ఆ పశువులకు నెల్లూరు పేరే నిలిచిపోయినది. బ్రెజిల్‌వారు వానిని "నెలోరె" అందురు. 1878లో లెంగ్రుబర్ అను పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాల నుండి ఒక జతను కొని తెప్పించుకొనెను. ఒంగోలునకు సమీపమునగల కరవది గ్రామము పేరు పెట్టుకొని ప్రసిద్ధి కెక్కిన ఆబోతు 1960 దశకపు తొలి సంవత్సరములలో అచ్చటికి పోయినది. ఇటువంటి కొద్దిపాటి దిగుమతులనుండి పుట్టిన మందలు నేడు కోట్ల సంఖ్యకు చేరినవి. బ్రెజిల్ పశుసంపద యిరువది కోట్లకు పైమాట. అందు ఎక్కువ పాలు నెలోరె రక్తమే.

అచ్చట ఆ పశువును కాడి కట్టుటకు గాక మాంసమునకై పెంచుదురు. మనలో పెక్కుమందికి ఇది వినుటకు కష్టముగా నుండును. అయినను ఉన్నమాట దాచి వ్రాయుట ఉపాధ్యాయునకు తగదు. కాడి మోయు పశువునకైనను, పాలిచ్చు పశువునకైనను, వారి పశువునకైనను ఆకలి యొక్కటే గనుక, మనకు కావలసిన విద్యను మాత్రము వారియొద్దనుండి గ్రహింతము.

బ్రెజిల్ నడిమి భాగమున సెరాడో అను విశాలమైన మెట్టప్రదేశము కలదు. నేల ఎఱ్ఱనిది, పులుపు గుణము గలది, భాస్వరము మిక్కిలి తక్కువ. అక్టోబరు మొదలు ఏప్రిల్ వరకు వానలు. మే నుండి సెప్టెంబరు వరకు వానలు మిక్కిలి తక్కువ. ఆఫ్రికా ఖండమునుండి తెచ్చిన బ్రాకియారియా అను గడ్డిని లక్షలాది ఎకరములలో పెంచి, కంచె కట్టి, పశువులను రాత్రింబగళ్ళు అందులోనే వదలుదురు. కొట్టము లేదు, గడ్డివాము లేదు. ఆ బాలుని ప్రశ్నకు మొదటి సమాధానము ఇదియే: చొప్ప వేయువారెవరును లేరు, పశువే పోయి మేయవలెను.

వానకాలమున ఈ పశువు రోజునకు అరకిలో, అంతకు మించియు బరువు పెరుగును. ఎండకాలమున ఆ పెరిగినదానిలో కొంత పోగొట్టుకొనును. మరల వానలు, మరల పెరుగుట. ఇట్టి పశువునకు అచ్చటివారు "సాన్‌ఫోనా ఎద్దు" అని పేరు పెట్టిరి. సాన్‌ఫోనా యనగా తిత్తి సాగుచు ముడుచుకొనుచు మ్రోగు వాద్యము. మన హార్మోనియమునకు చుట్టము. ఇట్లు సాగి ముడుచుకొనుచు ఒక కోడె పూర్తి యెత్తునకు వచ్చుటకు నాలుగేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టెడిది.

ఇందులో ఒక చిక్కు కలదు. ఎండకాలమునను ఆ బీళ్ళలో గడ్డి మోకాలిబంటి యుండును. అది ఎండి పసుపువన్నె తిరిగినదే గాని లేకపోలేదు. పశువు దాని నడుమ నిలుచుండియే చిక్కిపోవును. గడ్డి యుండగా ఆకలి యేల?

దీనికి కారణము పశువు కడుపులో నున్నది. గడ్డిని తినునది పశువే గాని, ఆ గడ్డిలోని పీచును అరిగించునది పశువు కాదు. దాని మొదటి పొట్ట, పెద్ద పశువునందు నూరు లీటర్లకు పైగా పట్టు తొట్టివంటిది. అందులో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోటానుకోట్లు నివసించును. మన తల్లులు పాలలో వేయు తోడు ఎట్టిదో ఇవియు నట్టివే. తోడు మంచిదైన కుండెడు పాలు పెరుగగును; తోడు చచ్చిపోయిన పాలు పాలుగానే విరిగిపోవును. పొట్టలోని ఈ తోడు బ్రతుకుటకు మాంసకృత్తులు, అనగా నత్రజని, కావలెను. మేతలో నూటికి ఏడు పాళ్ళకు తక్కువగా మాంసకృత్తులున్నచో సూక్ష్మజీవులు పస్తుండును. వానకాలపు లేతగడ్డిలో ఇవి తగినంత యుండును. ఎండిన గడ్డిలో మూడు నాలుగు పాళ్ళకు దిగిపోవును. అప్పుడు తిన్న గడ్డి అరుగక పొట్టలోనే నిలిచియుండును. పొట్ట ఖాళీ కాదు గనుక పశువు మరికొంత మేయజాలదు. కడుపు నిండియే యుండును, ఒంటికి మాత్రము పట్టదు.

ఈ సంగతి తెలిసిన పిమ్మట చికిత్స తేలిక. పశువునకు గాక ముందుగా ఆ సూక్ష్మజీవులకు అన్నము పెట్టవలెను. బ్రెజిల్ రైతులు ఎండకాలమున బీటిలో అక్కడక్కడ తొట్లు పెట్టి పైదాణా వేయుదురు. సోయాచిక్కుడు పిండి గాని పత్తిగింజల పిండి గాని, కొంచెము మొక్కజొన్న, ఉప్పు, ఖనిజలవణములు, స్వల్పముగా యూరియా ఇందులో చేరును. దాని పరిమాణము చూచిన మనకు ఆశ్చర్యము కలుగును. పశువు బరువులో ప్రతి కిలోకును ఒక గ్రాము. నాలుగువందల కిలోల పశువునకు రోజునకు నాలుగువందల గ్రాములు, అనగా రెండు దోసిళ్ళు. ఈ రెండు దోసిళ్ళు దాని ఆకలి తీర్చుటకు కాదు. అవి పడగానే అదివరకు అరుగని గడ్డి అరుగును. పొట్ట త్వరగా ఖాళీయగును. పశువు మరల బీటిలోనికి పోయి ఎక్కువ మేయును. ఎండకాలమున బరువు తగ్గుట నిలిచిపోయి, రోజునకు నూరు, రెండునూర్ల గ్రాములైనను పెరుగును.

ఉప్పు రుచికి మాత్రమే యని యనుకొనరాదు. తొట్టికి కావలివా డెవడును లేడు గదా. ఒక్క పశువే అంతయు నాకివేయకుండ ఆపునది ఆ ఉప్పే. కొంత తినగానే వెగటు పుట్టి పశువు తనంతట తాను తొలగిపోవును. అయినను బలిసిన పశువులు కొమ్ములు విసరి బక్కవానిని దగ్గరకు రానీయవు గనుక, తొట్టి పొడవు చాలినంత యుండవలెను. ఈ విషయమున పశువులకును, మధ్యాహ్న భోజనపు వరుసలో మా పిల్లలకును పెద్దగా భేదము కానరాదు.

రెండు దోసిళ్ళు మేలు చేసినచో నాలుగు గంపలు ఇంకను మేలు చేయవా యని తోచవచ్చును. గింజ ఎక్కువైన కొలది పశువు గడ్డి మేయుట తగ్గించును. అంతేగాక గింజలోని పిండిపదార్థము పొట్టలో త్వరగా పులిసి, ఆ పులుపునకు పీచును అరిగించు సూక్ష్మజీవులు నశించును. మన యిండ్లలో కనుమనాడు ఆదరముతో పశువునకు కుండెడు పొంగలియు, మిగిలిన అన్నమును పెట్టుదురు. మరునాడు అది కడుపుబ్బి, మేత ముట్టక పడియుండుట మనమెరిగినదే. ఒక ముద్ద పెట్టి దండము పెట్టిన చాలును.

ఇక భాస్వరము మాట. ఇది వ్రాయునప్పుడు మాకు కొంత బాధ కలుగుచున్నది. మా చిన్నతనమున మా యింట నొక మైలయెద్దు ఉండెడిది. పనికి మంచిదే గాని, వదలినచో ఊరివెలుపల పడియున్న ఎముకలను వెదకి నమలెడిది. వాకిట చెప్పులు విడిచిన వానిని కూడ నమలెడిది. అది దుర్గుణమని పెద్దలు కొట్టిరి, మూతికి చిక్కము కట్టిరి. చెప్పులు పోయిన కోపమున మేమును కొట్టితిమి. తుదకు సంతకు తోలి, వచ్చిన ధరకు అమ్మివేసితిమి. నేలలో భాస్వరము తక్కువైన గడ్డిలోను తక్కువే; గడ్డిలో దొరకనిదానిని పశువు ఎముకలలో వెదకుకొనును. దక్షిణాఫ్రికాలో 1920 ప్రాంతమున ఆర్నాల్డ్ థైలర్ అను పశువైద్యుడు దీనిని శోధించెను. అచ్చట పశువులు ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుపడి మరణించుచుండెను. క్రుళ్ళిన ఎముకలలోని విషమే కారణమనియు, భాస్వరపు కొరతచే పశువు ఆ యెముకలను నమలుచున్నదనియు ఆయన కనుగొనెను. భాస్వరము అందినంతనే పశువులు ఎముకల జోలికి పోవుట మానినవి. బ్రెజిల్ బీళ్ళలోను ఇదే వ్యాధి పెక్కు పశువులను బలిగొన్నది. నేడచ్చట ఉప్పులో డైకాల్షియం ఫాస్ఫేటు కలిపి ఏడాది పొడవున తొట్లలో ఉంచుదురు. అది ఎక్కువ అక్కరకు వచ్చునది వానకాలముననే. గడ్డి బాగుండి పశువు త్వరగా పెరుగునప్పుడే ఎముకకు భాస్వరము ఎక్కువ కావలసియుండును. మా మైలయెద్దునకు కావలసినది కూడ బహుశః రోజునకు పిడికెడు ఖనిజలవణమే. దానికి మేమిచ్చినది చిక్కము.

యూరియాను గూర్చి ఒక హెచ్చరిక. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని గలదు. సూక్ష్మజీవులు దానితో మాంసకృత్తులను తయారుచేసికొనును. కాని ఒక్కసారిగా ఎక్కువ తిన్న పశువు గంటల లోపల వణకి, నురుగు కక్కి మరణించును. బ్రెజిల్‌లో దీనిని రెండు మూడు వారములలో కొంచెముగా పెంచుచు అలవాటు చేయుదురు. తొట్టికి పైకప్పు వేసి అడుగున రంధ్రములు పెట్టుదురు. వాననీరు నిలిచి యూరియా కరిగినచో ఆ నీరు త్రాగిన పశువు దక్కదు. ఆకలిగొన్న పశువునకును, దూడలకును పెట్టరు. పొలమునకు తెచ్చిన యూరియా బస్తా కొట్టములో విప్పియుంచువారు మన యూళ్ళలోను గలరు. దయచేసి దానిని తలుపు గల గదిలో పెట్టుడు. పశువైద్యుని సలహా లేక యూరియాను మేతలో కలుపవలదు.

ఇంతయు చెప్పి అసలు మాట మరువరాదు. గడ్డి లేని బీటిలో పైదాణాకు పనియే లేదు. వారు వానలు ముగియుటకు ముందే కొన్ని బీళ్ళను మూసి, పశువులను పోనీయక, గడ్డిని ఎండకాలమునకై నిలువయుంచుదురు. మనకు అంతటి భూములు లేవు. ఉన్న మేతపోరంబోకులును ఏటేట కురచయగుచున్నవి. మనకు ఎండిన బీటికి బదులు వరిగడ్డి, జొన్నచొప్ప గలవు. వరిగడ్డియు మాంసకృత్తులు చాలని మేతయే గనుక, సెరాడో పశువు చిక్కే మన కొట్టములోని పశువునకును గలదు. మన పెద్దలకు ఈ శాస్త్రము పేరు తెలియదు గాని పని తెలియును. పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పెట్టుటయు, ఉలవలు ఉడికించి పెట్టుటయు, గడ్డితోపాటు తెలికపిండి వేయుటయు ఈ పైదాణాయే. ఆంధ్రదేశమున వరికోసిన మళ్ళలో తడియారకముందే పిల్లిపెసర చల్లెడివారు. అది పప్పుజాతి పైరు. దాని పచ్చిమేతలో మాంసకృత్తులు మెండు. వరిగడ్డితో కలిపి వేసినచో గడ్డియు అరుగును, కొనుగోలు దాణా ఖర్చును తగ్గును. ఆ జొన్నచొప్పను, పిల్లిపెసరను తిని పెరిగిన జాతియే సముద్రము దాటి పోయినది.

మన పాఠశాల వెనుకనున్న పది సెంట్ల స్థలములో కడచిన రెండేండ్లుగా పిల్లలచేత పిల్లిపెసర చల్లించుచున్నాము. కోసిన మేతను పాఠశాల కావలివాని ఆవునకు వేయుచున్నాము. ఈ యేట కొన్ని కాయలను కోయక వదలి, విత్తనము తీసియుంచితిమి. మొన్న ప్రశ్న వేసిన బాలుడే దానిని చెరిగి మూటకట్టెను. కావలసినవారు ఏ శనివారమైనను మధ్యాహ్నము పాఠశాలకు వచ్చి తీసికొనిపోవచ్చును. వరికోత ముగిసి మళ్ళు ఆరిపోకముందే రావలెను.