నేత్రరక్షణకు పొన్నగంటి, ఉసిరిక



కార్తిక పౌర్ణమినాడు మంగినపూడిలో సముద్రస్నానమాచరించి, చిలకలపూడి పాండురంగని సేవించి, ఉసిరిచెట్టు నీడన వనభోజనం చేయడం మన ప్రాంతంలో తరతరాల ఆచారం. ఆ ఉసిరికను, చేలగట్లపై మొలిచే పొన్నగంటి కూరను పెద్దలు చక్షుష్యాలన్నారు, అనగా నేత్రహితాలు. పొన్నగంటికి సంస్కృతంలో మత్స్యాక్షి అని పేరు. పోయిన కంటిని తెచ్చే కూర గనుక పొన్నగంటి అయినదని పల్లెలలో చెప్పుకొంటారు. ఈ మాటలో సత్యమెంతయో విచారిద్దాం.

కంటికి చూపునిచ్చే వెలుగే దానికి శ్రమను కూడ కలిగిస్తుంది. వెలుగు, ప్రాణవాయువు కలిసిన చోట కొన్ని ఉగ్రమైన అణువులు పుట్టి, ఇనుముకు తుప్పు పట్టినట్లు కణాలను చెరుపుతాయి. దీనిని ఆక్సీకరణ అంటారు. కంటి కటకంలోని మాంసకృత్తులు ఇట్లు చెడి మసకబారితే శుక్లం ఏర్పడుతుంది. నేత్రపటలం వెనుకనున్న రంగుకణాలు నశిస్తే నడిమి చూపు క్షీణిస్తుంది. దివిసీమలో వేటకు పోయేవారికి, గుడివాడ చేలలో నాట్లు వేసేవారికి నీటిపై ప్రతిఫలించే ఎండ అదనపు భారం. మధుమేహం, పొగాకు ఈ చెరుపును మరింత పెంచుతాయి.

మొక్కలు ఎండనుండి తమను కాపాడుకొనుటకు కల్పించుకొనే పదార్థాలలో ఫ్లేవనాయిడ్లు ముఖ్యమైనవి. మునగాకులోని క్వెర్సెటిన్ అట్టిది. ఇవి ఉగ్రమైన అణువులను శమింపజేస్తాయి. కణం తన రక్షక పదార్థాలను తానే అధికంగా చేసుకొనేట్లు ప్రేరేపిస్తాయి కూడ. మధుమేహంలో చక్కెరను కటకానికి హాని చేసే పదార్థంగా మార్చే ఎంజైమును ఇవి అడ్డగించగలవని 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మానవ నేత్రపు రంగుకణాలను ఇవి కాపాడడం 2006లో ప్రయోగశాలలో కనబడినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మధుమేహమున్న ఎలుకలకు ఉసిరికను, పసుపును ఆహారంలో కలిపి పెట్టగా శుక్లం ఆలస్యంగా వచ్చినది.

ఆలస్యమైనదన్న మాటను గమనించండి. వచ్చిన శుక్లం కరిగిపోలేదు. అవి ఎలుకలు, గాజుపాత్రలోని కణాలు. మనం తిన్న ఫ్లేవనాయిడ్లలో రక్తంలోకి చేరేది స్వల్పభాగమే. కనుక ఆకుకూర రక్షణకు తోడ్పడవచ్చును గాని, చికిత్సకు బదులు కాజాలదు.

ఈ భేదం తెలియక నేను చేసిన తప్పు ఒకటున్నది. మా అన్నగారికి చూపు మందగించినప్పుడు శుక్లమే అనుకొని, రెండేండ్లపాటు ఆకుపసరు తెచ్చి నేనే ఆయన కంట పిండినాను. అది నీటికాసుల వ్యాధి. వైద్యుని చూచేసరికి ఒక కంటి నరం పూర్తిగా చెడినది. ఆ చూపు మరల రాలేదు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. నాకు మాత్రం అది తీరని వెలితి.

లింగనాశానికి శలాకతో శస్త్రచికిత్సను సుశ్రుతుడే ఉత్తరతంత్రంలో విధించినాడు. శస్త్రం వలసినచోట ఆకుతో కాలయాపన చేయడం మన సంప్రదాయం కాదు. ఆకును కంచంలో ఉంచండి, కంటిలో పిండవద్దు. నలుబది దాటినవారు నేత్రపరీక్ష చేయించుకోండి. మధుమేహులు ఏటేటా చేయించుకోండి. స్వామిని కన్నులారా దర్శించే భాగ్యం మీకందరికి చిరకాలం నిలుచుగాక.

శుభం భూయాత్.