ఓరుగల్లు హోటళ్లు: నిండిన గదుల లెక్క వేరు, మిగిలిన డబ్బు లెక్క వేరు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిసిపోయిన ఈ నగరంలో ఒక హోటల్ "బాగా నడుస్తోంది" అనడానికి జనం చూసేవి రెండే: బయట నిలిచిన కార్లు, ముహూర్తాల రోజుల్లో దొరకని గదులు. ఆ చూపుతోనే కొందరు కొత్త హోటళ్లు కడుతున్నారు, మేనేజర్లను మెచ్చుకుంటున్నారు, తీసేస్తున్నారు కూడా. అందుకే కొన్ని నమ్మకాలను సరిచూడక తప్పదు.

అపోహ: గదులన్నీ నిండితే హోటల్ సమర్థంగా నడుస్తున్నట్టే.

వాస్తవం: 50 గదుల హోటల్‌ను ఊహించుకోండి. ఒక రాత్రి 50 గదులూ రూ.1,200 చొప్పున పోయాయి. వచ్చింది రూ.60,000. మరో రాత్రి 35 గదులే పోయాయి, కానీ రూ.2,000 చొప్పున. వచ్చింది రూ.70,000. పైగా ఆ రాత్రి 15 గదుల దుప్పట్లు ఉతకాల్సిన పని లేదు, అక్కడ ఏసీలు తిరగలేదు. హోటల్ రంగంలో గదుల ఆదాయాన్ని నిండిన గదులతో కాక, ఉన్న మొత్తం గదులతో భాగిస్తారు. దీన్ని రెవ్‌పార్ అంటారు. మొదటి రాత్రికి అది రూ.1,200, రెండో రాత్రికి రూ.1,400. అలాగని తక్కువ ధరకు ఇవ్వడం ఎప్పుడూ తప్పు కాదు. ఈ రాత్రి ఖాళీగా పోయిన గదిని రేపు అమ్ముకోలేం. ఆషాఢంలోనో మూఢంలోనో పెళ్లిళ్ల గిరాకీ లేనప్పుడు, శుభ్రం చేసే ఖర్చు పోగా నాలుగు రూపాయలు మిగిలితే ఇవ్వడమే మేలు. అసలు తప్పు, ఖర్చు ఎంతో తెలియకుండా ధర తగ్గించడం.

అపోహ: మేడారం జాతర వస్తే రెండేళ్ల లోటు తీరిపోతుంది.

వాస్తవం: మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. రెండేళ్లంటే సుమారు 730 రాత్రులు. మామూలుగా సగం గదులు నిండే హోటల్ ఆ నాలుగు రాత్రులూ పూర్తిగా నిండి, అద్దె నాలుగింతలు పలికిందనే అనుకుందాం. రాత్రి ఆదాయం ఎనిమిదింతలవుతుంది. అంటే నాలుగు రాత్రుల్లో 32 మామూలు రాత్రుల ఆదాయం. అదనంగా వచ్చింది 28 రాత్రులది, మొత్తంలో నాలుగు శాతం కూడా కాదు. పైగా మేడారం వరంగల్‌కు సుమారు వంద కిలోమీటర్లు. వచ్చే భక్తుల్లో ఎక్కువమంది జాతర దగ్గరే గుడారాలు వేసుకుని ఉంటారు. హోటల్‌ను నిలబెట్టేవి మిగిలిన 726 రాత్రులే.

అపోహ: ఎక్కువ లాభం చూపిన హోటల్‌దే మెరుగైన నిర్వహణ.

వాస్తవం: సొంత స్థలంలో తాతల నాటి భవనం ఉన్నవారికి అద్దె లేదు, బ్యాంకు వడ్డీ లేదు. కొత్తగా అప్పు చేసి కట్టినవారికి ఆ రెండూ ఉండొచ్చు. ఈ తేడా మేనేజరు పనితనానిది కాదు. అందుకే అద్దె, వడ్డీ, తరుగుదల తీసేయకముందు మిగిలే నిర్వహణ లాభాన్ని విడిగా చూడాలి. దాన్ని మొత్తం గదులతో భాగిస్తే గోపార్ వస్తుంది. ఇలా చూడాలంటే పద్దులు సరిగా ఉండాలి. హోటళ్లన్నీ ఒకే తీరున పద్దులు రాయాలనే ప్రయత్నం 1926లోనే న్యూయార్క్ హోటళ్ల సంఘం మొదలుపెట్టింది. మన దగ్గర చిన్న హోటళ్లలో ఇప్పటికీ గదులు, రెస్టారెంటు, ఫంక్షన్ హాలు ఖర్చులు ఒకే పద్దులో కలిసిపోతుంటాయి. హాలు సంపాదించింది గదులు తింటున్నా యజమానికి కనిపించదు.

అపోహ: సిబ్బందిని తగ్గించడమే సామర్థ్యం.

వాస్తవం: నిండిన ఒక్కో గదికి ఎన్ని పనిగంటలు పట్టాయన్నది కొలవాలి. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు రైలులో రెండు మూడు గంటలే. వచ్చినవారు ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోతే, గది రోజూ మొదటినుంచీ సర్దాల్సిందే. మూడు రాత్రులుండే అతిథికి అంత పని ఉండదు. ఈ తేడా చూడకుండా హౌస్‌కీపింగ్‌లో కోత పెడితే ఆ భారమంతా మిగిలిన ఆడవాళ్ల నడుము మీద పడుతుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: ఏ రెండు హోటళ్లనైనా ఒకే కొలబద్దతో పోల్చవచ్చు.

వాస్తవం: హనుమకొండలో పర్యాటక సంస్థ నడిపే హరిత కాకతీయకూ, అదే సంస్థకు లక్నవరం చెరువు మధ్య ఉన్న కాటేజీలకూ గిరాకీ ఒకేలా ఉండదు. ఊళ్లో హోటల్‌కు ఆఫీసు పనుల మీద వచ్చేవారుంటారు, చెరువు దగ్గరకు సెలవుల్లో వచ్చేవారే ఎక్కువ. ఒకే రకం వనరులతో ఎవరు ఎక్కువ రాబట్టారో చూసే గణిత పద్ధతి ఒకటుంది. చార్న్స్, కూపర్, రోడ్స్ 1978లో దాన్ని ప్రతిపాదించారు. 1995లో మోరే, డిట్‌మన్ అదే పద్ధతిలో, మేనేజరు చేతిలో లేని పరిస్థితులను పక్కనపెట్టి, 54 అమెరికన్ హోటళ్ల మేనేజర్ల పనితీరును అంచనా వేశారు.

అపోహ: జీఎస్టీ తగ్గింది కాబట్టి హోటళ్ల మిగులు పెరిగింది.

వాస్తవం: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదులపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అతిథికి మేలే. కానీ కొనుగోళ్లపై కట్టిన పన్నును ఆ గదుల లెక్కలో తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు పోయింది. సబ్బుల నుంచి మరమ్మతుల దాకా ఆ పన్ను ఇప్పుడు ఖర్చులోనే చేరుతుంది. ఆ తేదీకి ముందు నెలలను, తర్వాతి నెలలను పోల్చేవారు దీన్ని విడిగా రాసుకోకపోతే, పన్ను వల్ల పెరిగిన ఖర్చు మేనేజరు దుబారాగా కనిపిస్తుంది.