‘షెఫ్’ అంటే వంటవాడేనా?

షెఫ్ అనగానే మనకు తెల్లటోపీ పెట్టుకున్న హోటల్ వంటమనిషి గుర్తుకొస్తాడు. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం పెద్ద, నాయకుడు. వంటగదికి పెద్ద ‘షెఫ్ ద క్విజీన్’. ఇంగ్లీషువాళ్ళు వంటగదిని వదిలేసి షెఫ్‌ను మాత్రం పట్టుకుపోయారు. కనుక ‘షెఫ్ ద ప్రోజే’ అంటే ప్రాజెక్ట్ మేనేజర్, అంతే.

సాంకేతిక రంగాల్లో ఇంత తేలిగ్గా తేలనివి చాలా ఉన్నాయి. అన్నిటికన్నా చిక్కు ‘అంజేన్యోర్’తో. చూడటానికి మన ఇంజనీరే. కాని ఫ్రాన్సులో 1934 జూలై 10 నాటి చట్టం ‘అంజేన్యోర్ దిప్లోమే’ అనే బిరుదుకు రక్షణ కల్పించింది. గుర్తింపు పొందిన సంస్థలో, మన ఇంటర్ వంటి బాకలోరియా తర్వాత అయిదేళ్ళ చదువు పూర్తిచేసినవారికే అది చెల్లుతుంది. ఇంగ్లండులోనేమో బాయిలర్ బాగుచేయడానికి వచ్చినతనూ ఇంజనీరే! ఫ్రెంచివారికి అతను ‘తెక్నీస్యాన్’. అందుచేత ‘తెక్నీస్యాన్ ద మాంతెనాన్స్’ను వాడుకను బట్టి మెయింటెనెన్స్ ఇంజనీర్ అని రాస్తే, లేని డిగ్రీ ఉన్నట్టు ధ్వనిస్తుంది. మెయింటెనెన్స్ టెక్నీషియన్ అనడమే క్షేమం. ఆ కాగితం చూసే హోదా, జీతం లెక్కగడతారు మరి. డిప్లొమాకూ బి.టెక్‌కూ ఉన్న తేడా మన హాస్టల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు.

‘కాద్ర్’ అసలు ఉద్యోగం పేరే కాదు, ఒక హోదా. వీరికోసం 1947లో ప్రత్యేక పింఛను పథకమే పెట్టారు. 2019లో దాన్ని మిగతా ఉద్యోగుల పథకంతో కలిపేశారు. ఇంగ్లీషులో దీనికి సరిజోడు మాట లేదు. మేనేజర్ అందామంటే, కింద ఒక్క మనిషి కూడా లేని పరిశోధనా ఇంజనీరు కూడా కాద్రే. అటువంటిచోట అతను చేసే పని పేరే రాసి, హోదాను విడిగా వివరించడం మేలని నా అభిప్రాయం.

‘అజాన్ ద మెత్రీజ్’ అంటే సూపర్‌వైజర్ లేదా ఫోర్‌మన్. తెలుగులో అయితే మేస్త్రీ అతికినట్టు సరిపోతుంది. ఇందులో విచిత్రమేమీ లేదు: మన మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చింది, దానికీ ఫ్రెంచి ‘మెత్ర్’కూ తల్లి ఒకే లాటిన్ మాట.

ఆ మెత్ర్‌తోనే అసలు ప్రమాదం. ‘మెత్ర్ దువ్రాజ్’, ‘మెత్ర్ దోవ్ర్’ అని రెండున్నాయి. నిఘంటువు పట్టుకుని మాటకు మాట దించితే రెండూ ‘పనికి యజమాని’ అనే తేలతాయి. నిజానికి మొదటివారు పని చేయించుకునేవారు, ఇంగ్లీషులో క్లయింట్. రెండోవారు నమూనా గీసి పనిని పర్యవేక్షించే ఆర్కిటెక్టో, ఇంజనీరింగ్ సంస్థో. ఒప్పందంలో ఈ రెండూ తారుమారైతే, బిల్లు పంపవలసినవారికి బదులు బిల్లు కట్టవలసినవారు నమూనా గీయాల్సి వస్తుంది.