ఒక రాత్రి నిద్ర చేశాకే సంతకం

ఏం పని చేస్తావని మా ఊళ్ళో ఎవరైనా అడిగితే "క్షిపణులకు గొట్టాలు చేస్తాం" అంటాను. ఏ క్షిపణికి, ఎన్ని, ఎప్పటికి అన్నది ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదు. ఆ గొట్టం ఎలా తయారవుతుందో, దాని కాగితాల మీద సంతకం పెట్టే సీనియర్ మెకానికల్ ఇంజనీరు బాధ్యత ఎలాంటిదో చెప్పడానికి మాత్రం అడ్డు లేదు.

హైదరాబాదుకు ఈ విద్య ఒక్కరోజులో రాలేదు. క్షిపణులను రూపొందించే డీఆర్‌డీఎల్, 1970లో మొదలై వాటిని తయారుచేస్తున్న భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాల కోసం పెట్టిన మిధాని, మూడూ కంచన్‌బాగ్ చుట్టుపక్కలే ఉన్నాయి. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి పనిముట్ల తయారీ నేర్పుతోంది. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వంలో సమీకృత క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1988లో శ్రీహరికోట నుంచి పృథ్వి ఎగిరింది. విడిభాగాల పని ప్రైవేటు వర్క్‌షాపులకూ వచ్చింది. అలాంటి ఒక చోట నేను 26 ఏళ్ళుగా పనిచేస్తున్నాను.

రాకెట్ మోటారు అంటే ఘన ఇంధనం నింపిన గొట్టం. అది అంటుకోగానే లోపల ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. తట్టుకోవడానికి గోడ మందం పెంచితే బరువెక్కి, వెళ్ళే దూరం తగ్గుతుంది. అందుకే గోడ పల్చగా, ఉక్కు గట్టిగా ఉండాలి. మేం వాడే మారేజింగ్ స్టీల్‌లో నికెల్ సుమారు 18 శాతం, కార్బన్ దాదాపు ఉండదు. కాస్త మెత్తగా ఉన్నప్పుడే దాన్ని లేత్ మీద తరిగేస్తాం. తర్వాత కొలిమిలో 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే గట్టిపడుతుంది. కొలతలు పెద్దగా మారవు. అప్పుడు దాని బలం మన ఇంటి శ్లాబులో వేసే ఫె 500 కడ్డీకి మూడు రెట్లకు పైనే.

ఆ తర్వాత అతుకులకు ఎక్స్‌రే తీస్తాం. నీళ్ళు నింపి ఒత్తిడి పరీక్ష చేస్తాం. గాలి నింపితే, గొట్టం పగిలినప్పుడు బాంబులా పేలుతుంది. నీరు పెద్దగా నొక్కుకుపోదు కాబట్టి ఆ ప్రమాదం చాలా తక్కువ.

కారులో లోపం ఉంటే సర్వీసింగ్‌లో బయటపడుతుంది. క్షిపణి ఏళ్ళ తరబడి డిపోలో ఉండి ఒక్కసారే ఎగురుతుంది. అందుకే ప్రతి భాగం మీద హీట్ నంబరు కొడతాం. ఉక్కు ఏ పోతలో పోశారో, ఏ యంత్రం మీద తరిగారో, ఎవరు కొలిచారో ఆ నంబరు పట్టుకుని చెప్పగలగాలి.

పదేళ్ళ కిందట, ఒక మే నెల మధ్యాహ్నం. గొట్టం చివర అతికే వలయాలు పన్నెండు సిద్ధమయ్యాయి. మర్నాడే సరుకు పంపాలి. రేకుల షెడ్డులోంచి తెచ్చినవి తెచ్చినట్టే కొలిచారు. అన్నీ హద్దులోనే ఉన్నాయి. సంతకం పెట్టాను.

పొద్దున్నే కొలతల గదిలోని అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, రాత్రంతా ఏసీలో ఉన్నాయి కదా అని మళ్ళీ కొలిచాను. రెండింటి బయటి వ్యాసం కింది హద్దు కన్నా తగ్గింది."

ప్రపంచమంతా కొలతలకు ప్రమాణంగా పెట్టుకున్నది 20 డిగ్రీలు. అర మీటరు వ్యాసమున్న ఉక్కు వలయం 40 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది. డ్రాయింగ్‌లో మాకిచ్చిన వెసులుబాటులో అది చిన్న భాగమేమీ కాదు. ఈ సంగతి డిప్లొమా కుర్రాడికీ తెలుసు. గడువు తొందరలో నేనే మరిచాను.

"సంతకం అయిపోయింది కదా సార్, ఇప్పుడెలా?" అంది.

"కొట్టెయ్యమ్మా. కారణం నేనే రాస్తాను" అన్నాను.

డిజైన్ విభాగానికి నివేదిక పంపాం. అతుకు దగ్గర సందు ఎక్కువవుతుందని వాళ్ళు ఒప్పుకోలేదు. రెండు వలయాలు తుక్కులోకి వెళ్ళాయి. సరుకు మూడు వారాలు ఆలస్యమైంది. మాటలు పడ్డాను. కానీ ఆ అమ్మాయి నోరు విప్పకపోయి ఉంటే ఆ రెండూ ఎక్కడో సరిహద్దులో ఒక జవాను చేతికి చేరేవి.

ఇంజనీరింగ్ చదివే పిల్లలకు నా మాట ఒకటే. కంప్యూటర్ మీద బొమ్మ గీయడంతో పాటు, ఐటీఐ చదివిన ఆపరేటర్ పక్కన నిలబడి మైక్రోమీటరు పట్టడం నేర్చుకోండి. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకూ ఒక విన్నపం: తప్పు కనిపెట్టి చెప్పినవాళ్ళను కసురుకోకండి. మా కొలతల గదిలో ఇప్పుడు ఏ భాగమైనా ఒక రాత్రి నిద్ర చేశాకే సంతకం పెడతాం.