కల్యాణం ఫోటోలకు ఏ లెన్స్? మన చేతి వణుకు ఒకటి, ఎదుటివారి కదలిక మరొకటి



ఈమధ్య దేవాలయం కోసం ఒక జూమ్ లెన్స్ కొన్నాం. కొనేముందు మాలో మాకు పెద్ద వాదనే జరిగింది. ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉన్న లెన్సే తీసుకోవాలని కొందరం, అది లేకపోయినా పరవాలేదు, వెలుతురు ఎక్కువ పట్టే లెన్స్ కావాలని కొందరం పట్టుబట్టాం. ఖర్చయింది మీరిచ్చిన విరాళం కాబట్టి ఏది ఎందుకు కొన్నామో చెప్పడం మా బాధ్యత. పైగా ఆదివారం ప్రసాదం దగ్గర "మా కెమెరాకి ఏ లెన్స్ కొనమంటారు?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. వారికి కూడా ఇదే జవాబు.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. పోయినేడు శ్రీరామనవమి కల్యాణంలో ఉభయదాతలుగా కూర్చున్న ఒక కుటుంబంతోపాటు తెనాలి నుంచి వచ్చిన బామ్మగారు కూడా ఉన్నారు. తలంబ్రాలయ్యాక ఆవిడ రెండు చేతుల నిండా అక్షింతలు తీసుకుని, ముందుకు వంగి, నవ్వుతూ సీతారాముల మీద వేశారు. మేము వరసగా ఫోటోలు తీశాం. ఇంటికి వెళ్ళి కంప్యూటర్‌లో చూస్తే వెనకున్న కుంది దీపం, అరటి బోదె, పందిరికి కట్టిన మామిడాకులు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. బామ్మగారి ముఖం మాత్రం తడి గుడ్డతో అలికినట్టుంది. దసరా నాటికి ఆవిడ ఊళ్ళో కాలం చేశారని తెలిసింది. ఫ్రేము కట్టించుకుంటాం, ఒక్క మంచి ఫోటో ఇవ్వండని ఆ కుటుంబం అడిగితే, మేము తీసినవాటిలో ఇవ్వదగ్గది ఒక్కటీ లేదు. చివరికి కల్యాణం మొదలవకముందు ఎవరో ఫోన్‌తో తీసిన ఫోటో దొరికింది. అందులో ఆవిడ కదలకుండా కూర్చుని ఉన్నారు.

మాలో ఎక్కువమందిమి సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. లాగ్ చూడకుండా ఏ నిర్ధారణకూ రాలేం. ఫోటో ఫైలులోనే కెమెరా అన్ని వివరాలూ రాసిపెడుతుంది కదా, అవి తెరిచి చూశాం. జూమ్ 70 మిల్లీమీటర్లు, ఎపర్చర్ ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600, షట్టర్ స్పీడ్ సెకనులో 15వ వంతు. స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది. అంతేకాదు, అది తన పని చక్కగా చేసింది కూడా. వెనక దీపం అంత స్పష్టంగా పడడమే అందుకు సాక్ష్యం. చేయనిది మేమే. "స్టెబిలైజేషన్ ఉందిగా, ఫోటో కదలదు" అనుకుని షట్టర్ స్పీడ్ సంగతి పట్టించుకోలేదు.

స్టెబిలైజేషన్ ఏం చేస్తుందో ఒక్కసారి చూద్దాం. నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ళను మన ఊళ్ళలో చూసే ఉంటారు. కాళ్ళు నడుస్తుంటాయి, నడుము ఊగుతుంటుంది, మెడ మాత్రం ఆ ఊపును ఎప్పటికప్పుడు సర్దుతూ బిందెను నిలకడగా ఉంచుతుంది. లెన్స్‌లో ఆ మెడ పని చేసేవి గైరో సెన్సార్లు. మన చెయ్యి ఎటు ఎంత ఒరిగిందో అవి కనిపెడితే, చిన్న మోటార్లు లోపలి ఒక గాజు భాగాన్ని అందుకు తగ్గట్టు జరిపి బొమ్మను ఉన్నచోటే నిలబెడతాయి. కొన్ని కెమెరాల్లో గాజుకు బదులు సెన్సారే జరుగుతుంది. ఏ పద్ధతైనా సరిదిద్దేది కెమెరా కదలికనే. ఎదురుగా ఉన్న మనిషి కదిలితే దానికి తెలియదు, తెలిసినా చేయగలిగింది లేదు.

చేతితో కెమెరా పట్టుకున్నప్పుడు ఫోటోగ్రాఫర్లు వాడే పాత లెక్క ఒకటుంది. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఉంటే సెకనులో కనీసం అన్నో వంతు షట్టర్ స్పీడ్ ఉండాలి. 70 దగ్గర సుమారు 70వ వంతు. చిన్న సెన్సార్ కెమెరా అయితే ఇంకొంచెం వేగం, 100వ వంతు దాకా. స్టెబిలైజేషన్ "4 స్టాపులు" అని పెట్టెమీద రాసి ఉంటే, ఆ వేగాన్ని నాలుగుసార్లు సగం చేసుకోవచ్చని అర్థం. 60 నుంచి 30, 15, 8, చివరికి సెకనులో 4వ వంతు. అంత నెమ్మదిగా తీసినా గోపురం స్పష్టంగానే వస్తుంది. గోపురం కదలదు కాబట్టి!

మన దేవాలయంలో ఫోటోలు తీసేది ఎక్కువగా కదిలేవాటినే. మూలవిరాట్టును మేము ఎలాగూ తీయం. ఉత్సవమూర్తులను కూడా అర్చకస్వాములు చెప్పిన చోటు నుంచే, ఫ్లాష్ లేకుండా తీస్తాం. మిగిలినదంతా మనుషులే. స్వామివారు మంగళసూత్రాన్ని పైకెత్తి భక్తులందరికీ చూపించేటప్పుడు నిదానంగా తిరుగుతారు, అక్కడ 125వ వంతు సరిపోతుంది. తలంబ్రాలకు 250వ వంతుకు తగ్గితే చేతులు చెదిరిపోతాయి. సాయంత్రం హాల్లో కూచిపూడి ప్రదర్శన ఉంటే 500వ వంతు కావాలి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి పాదాలు కదిపే అమ్మాయిని సెకనులో 30వ వంతులో తీస్తే పళ్ళెం బంగారు గీతలాగా, పాదాలు పొగలాగా కనిపిస్తాయి. పక్కన కూర్చుని నట్టువాంగం చేస్తున్న గురువుగారు మాత్రం బ్రహ్మాండంగా వస్తారు. ఇక వేదిక చుట్టూ పరుగెత్తే మన పిల్లల సంగతి వేరే చెప్పాలా!

కాబట్టి మాకు కావలసింది వేగం. వేగం కావాలంటే వెలుతురు కావాలి. ఎఫ్ 5.6 కంటే ఎఫ్ 2.8 నాలుగు రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. అంటే బామ్మగారి ఫోటోలో 15వ వంతు ఉన్న చోట అదే హాల్లో, అదే ఐఎస్ఓలో, ఎఫ్ 2.8 లెన్స్‌తో 60వ వంతు వచ్చేది. ఐఎస్ఓను 1600 నుంచి 6400కు పెంచి ఉంటే ఇంకో నాలుగు రెట్లు, సుమారు 250వ వంతు. ఆ ఫోటో నిలిచేది. ఐఎస్ఓ పెంచితే రవ్వరవ్వగా గింజలు కనిపిస్తాయన్న భయంతో 1600 దాటకుండా కట్టడి పెట్టింది కూడా మేమే. గింజలున్న ఫోటోను తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు బాగుచేసుకోవచ్చు. చెదిరిన ముఖాన్ని బాగుచేయలేం.

ఎఫ్ 2.8, స్టెబిలైజేషన్ రెండూ ఉన్నది కొనేయవచ్చు కదా అంటారేమో. కొనవచ్చు, బరువూ ధరా భరించగలిగితే. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు వాడే 24-70 ఎఫ్ 2.8 తరహా లెన్స్‌లో చాలాకాలం స్టెబిలైజేషన్ ఉండేది కాదు. 2012లో కెనాన్ ఈ లెన్స్‌ను కొత్తగా తెచ్చినప్పుడు కూడా పెట్టలేదు. అదే ఏడాది టామ్రాన్ పెట్టింది. 2015లో నికాన్ పెట్టింది గాని, 900 గ్రాములున్న లెన్స్ కాస్తా 1070 గ్రాములైంది. మూడు గంటల కల్యాణమంతా మెడలో వేసుకుని నిలబడి చూడండి, ఆ తేడా భుజానికి తెలుస్తుంది. 2019లో కెనాన్ మిర్రర్‌లెస్ కెమెరాలకోసం తెచ్చిన 24-70లో రెండూ ఉన్నాయి. విడుదలైనప్పుడు దాని ధర దాదాపు 2,300 డాలర్లు. సోనీ మాత్రం 2016లోనూ, 2022లోనూ తెచ్చిన తన ఖరీదైన 24-70లలో స్టెబిలైజేషన్ పెట్టనేలేదు. 2014లో వచ్చిన ఏ7 రెండో తరం నుంచి ఆ వరస కెమెరాల బాడీలోనే అది ఉంటోంది.

అందుకే లెన్స్ చూసేముందు మీ కెమెరాలో ఏముందో చూసుకోండి. కెనాన్ ఆర్6, ఆర్7, నికాన్ జెడ్6, సోనీ ఏ6700 లాంటి వాటిలో బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది. వాటికి లెన్స్‌లో లేకపోయినా దిగులు పడనక్కర్లేదు. కెనాన్ ఆర్8, ఆర్50, నికాన్ జెడ్50, సోనీ ఏ6400లలో లేదు. అక్కడ కొంచెం ఆలోచించాలి. ఉదాహరణకు ఏ6400 ఉన్నవారికి రెండు మంచి దారులున్నాయి. సిగ్మా 18-50 ఎఫ్ 2.8 బరువు 290 గ్రాములే, చేతిలో ఉన్నట్టే ఉండదు, కానీ స్టెబిలైజేషన్ లేదు. టామ్రాన్ 17-70 ఎఫ్ 2.8లో స్టెబిలైజేషన్ ఉంది, జూమ్ కూడా ఎక్కువ, కానీ 525 గ్రాములు. పిల్లల పుట్టినరోజులు, నాట్య ప్రదర్శనలు మాత్రమే తీసేవారికి మేము సిగ్మానే చెబుతాం. వీడియో కూడా తీస్తామంటే టామ్రాన్. ఈ కంపెనీల వేటితోనూ మాకు సంబంధం లేదు.

వీడియో దగ్గర మాత్రం స్టెబిలైజేషన్ పక్షం వాళ్ళదే గెలుపు, ఒప్పుకోవాలి. ఇండియాలో అర్ధరాత్రి దాటాక కూడా మేలుకుని మన కల్యాణం లైవ్‌లో చూసే అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. చేత్తో పట్టుకుని తీసిన వీడియో ఊగుతుంటే వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. అలాగే కార్తీక పౌర్ణమి దీపాలు, ఖాళీ మండపం, తెల్లవారుజామున వేసిన ముగ్గులు, అలంకారం చేసిన పల్లకి, వీటన్నిటికీ స్టెబిలైజేషన్ ఎంతో ఉపకారం. మా బృందంలో పెద్దాయన ఒకరున్నారు, వారి చెయ్యి కొద్దిగా వణుకుతుంది. స్టెబిలైజేషన్ లేని రోజుల్లో కెమెరా పక్కన పెట్టేశారు, ఇప్పుడు మళ్ళీ సేవకు వస్తున్నారు. మీరు తీసేవి ఎక్కువగా ప్రయాణాలు, కొండలు, గుళ్ళు అయితే 24-105 ఎఫ్ 4 స్టెబిలైజేషన్ లెన్స్ హాయిగా ఉంటుంది. గ్రాండ్ కాన్యన్‌కు 250వ వంతు అక్కర్లేదు.

ఇక మా తీర్పు. దేవాలయం కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ ఉంది. పోయినేడు తీసిన ఫోటోల వివరాలన్నీ చూస్తే ఎక్కువభాగం 35కూ 70కీ మధ్యే ఉన్నాయి. అందుకని టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 రెండో తరం లెన్స్ తీసుకున్నాం. లెన్స్‌లో స్టెబిలైజేషన్ లేదు, 540 గ్రాములు, 2021లో వచ్చినప్పటి ధర 899 డాలర్లు. లోపం లేకపోలేదు. వెడల్పు 24కు బదులు 28 దగ్గర ఆగిపోతుంది. మండపమంతా ఒకే ఫోటోలో పట్టాలంటే వెనక్కి వెనక్కి నడవాలి, మన హాల్లో అలా నడిస్తే ప్రసాదం వరసలోకి వెళ్ళి పడతాం. అందుకు ఫోన్ వాడుకుంటున్నాం.

ఎఫ్ 2.8తో ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు వరసల్లో నిలబడిన కుటుంబాన్ని దగ్గర నుంచి ఎఫ్ 2.8లో తీస్తే ముందువరస ముఖాలు బాగా వచ్చి వెనకవరస మసకబారుతుంది. వెనక నిలబడేది సాధారణంగా అల్లుళ్ళు, తర్వాత మాట వచ్చేది మాకు. గ్రూప్ ఫోటోకి ఎఫ్ 5.6 పెట్టి, 125వ వంతులో, అందరినీ ఒక్క క్షణం కదలకుండా నిలబడమంటున్నాం. హాల్లో ఎల్‌ఈడీ దీపాల కింద 250, 500 లాంటి వేగాల్లో ఒక్కోసారి ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు పడతాయి. ఇక్కడి కరెంటుతో చాలా దీపాలు సెకనుకు 120 సార్లు మినుకుమంటాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే 125కు దిగండి.

వెంటనే కొనేయకుండా ఒక వారాంతానికి అద్దెకు తెచ్చి చూడడం మంచిది. టెన్నెసీలోని లెన్స్‌రెంటల్స్ లాంటి సంస్థలు ఇంటికే పంపిస్తాయి. మేము కూడా అలాగే రెండు లెన్స్‌లు తెప్పించి, ఒక శనివారం సాయంత్రం హారతికి పక్కపక్కన పెట్టి చూశాకే వాదన తెగింది. న్యూయార్క్ బి అండ్ హెచ్‌లో కొనేవారు శుక్రవారం సూర్యాస్తమయంలోపే ఆర్డర్ పెట్టుకోండి. వారి సబ్బాత్ నియమం ప్రకారం శనివారం సాయంత్రం దాకా వెబ్‌సైట్‌లో కూడా ఆర్డర్లు తీసుకోరు. ఏకాదశి పాటించేవాళ్ళం మనం, అర్థం చేసుకోగలం.

కొత్త లెన్స్ దేవాలయం ఆఫీసు బీరువాలో, నల్ల సంచిలో ఉంది. సంచి మూత లోపల ఒక కార్డు అంటించాం: "కల్యాణం: ఎఫ్ 2.8, 250, ఐఎస్ఓ 6400 దాకా ఆటో. నాట్యం: 500. గ్రూప్: ఎఫ్ 5.6, 125." ఫోటో సేవకు వచ్చే ఎవరైనా తీసి వాడవచ్చు, రిజిస్టరులో పేరు రాసి వెళ్ళండి చాలు. మీ కెమెరాకు ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే ఏ ఆదివారమైనా హారతి తర్వాత మీ కెమెరాతో రండి. వచ్చేటప్పుడు బ్యాటరీ ఛార్జ్ చేసుకుని తెచ్చుకోండి.