‘పవర్’ - ఒక మాట, పలు అర్థములు

“పవర్ పోయినది”, “కళ్ళద్దాల పవర్ పెరిగినది”, “అయిదు హార్స్‌పవర్ మోటారు” - ఇంగ్లీషు రానివారి నోట కూడ ఈ మాటలు నిత్యము వినబడును. “టెన్ టు ది పవర్ త్రీ” అనునది తరగతి గదిలోనిది. మాట ఒక్కటే గాని, ఏ రెండుచోట్లను అర్థము ఒక్కటి కాదు. విద్యార్థి తికమకపడుట సహజమే.

‘చేయగలుగుట’ అను అర్థముగల లాటిన్ క్రియనుండి పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చిన పదమిది. లోకములో అధికారమునకు, బలమునకు, కరెంటు సరఫరాకు కూడ దీనినే వాడుదురు. భౌతికశాస్త్రము మాత్రము పని జరుగు రేటునకే ఈ పేరు పెట్టినది. తెలుగులో దీనిని సామర్థ్యము అందుము. శక్తి వేరు, సామర్థ్యము వేరు. 50 కిలోగ్రాముల విద్యార్థి 3 మీటర్ల ఎత్తుగల మెట్లను 5 సెకనులలో ఎక్కినను, 10 సెకనులలో ఎక్కినను, భూమ్యాకర్షణకు ఎదురుగా చేసిన పని ఒక్కటే: 1,470 జౌల్‌లు. సామర్థ్యము మాత్రము మొదటిసారి 294 వాట్లు, రెండవసారి 147 వాట్లు.

ఈ భేదము కరెంటు బిల్లులో డబ్బుగా కనబడును. బిల్లులోని ‘యూనిట్’ ఒక కిలోవాట్-గంట. అది శక్తి, సామర్థ్యము కాదు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒక్క యూనిట్‌తో 111 గంటలు వెలుగును. ఇక హార్స్‌పవర్ అనునది, తన ఆవిరియంత్రము ఎన్ని గుఱ్ఱములకు సాటియో కొనువారికి తెలుపుటకై జేమ్స్ వాట్ ఏర్పరచిన కొలత. సుమారు 746 వాట్లు. అయిదు హార్స్‌పవర్ మోటారు 4 గంటలు నిండుగా పనిచేసినచో పంపునకు అందించు శక్తి దాదాపు 15 యూనిట్లు. మీటరు చూపునది ఇంకను ఎక్కువ. తీగచుట్టలలో వేడిగా పోయినదానిని గూడ అది లెక్కించును గదా! “ఈ మోటారు ఎన్ని యూనిట్లది?” అని అడుగువారికి, ఎన్ని గంటలు నడచునో తెలియనిదే జవాబు చెప్పలేము. ఉపాధ్యాయులు ఈ లెక్కను పిల్లలచేత వారి ఇంటి బిల్లుతోనే చేయించవచ్చును.

కళ్ళద్దాల పవర్‌లో పనియు లేదు, కాలమును లేదు. కటకము కిరణములను ఎంతగా వంచునో అది తెలుపును. మీటర్లలో కొలిచిన నాభ్యంతరముతో 1ని భాగించిన వచ్చునదే ఈ పవర్, ప్రమాణము డయాప్టర్. −2 అద్దమునకు నాభ్యంతరము 50 సెంటీమీటర్లు. ఋణ గుర్తు పుటాకార కటకమని చెప్పును. చిత్రమేమనగా, చూపు తగ్గినకొలది ‘పవర్ పెరిగిన’దనుచున్నాము! పెరిగినది అద్దముది. నిజమునకు హ్రస్వదృష్టిగల కన్ను తన నిడివికి మించి కిరణములను వంచుచున్నది. ఆ వంపును తగ్గించుటకే పుటాకార కటకము.

గణితములోని పవర్ వీటన్నిటికంటె పాతది. గ్రీకులు వర్గమును ‘డ్యునమిస్’ అనిరి. బలమని, సామర్థ్యమని ఆ మాటకు అర్థము. లాటిన్‌లోను, తరువాత ఇంగ్లీషులోను ఆ అర్థమే అనువాదమై నిలిచినది. మనము ఘాతము అందుము: 10 యొక్క మూడవ ఘాతమనగా మూడు పదుల లబ్ధము, 1,000. ఇందులో వాట్లును లేవు, డయాప్టర్లును లేవు. డైనమో, డైనమైట్ అను పేర్లలో దాగియున్నదియు ఆ గ్రీకు మాటయే.