కొల్లేరు పరిరక్షణ: ఎగువ పొలాల బాధ్యత

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ గల విశాలమైన పల్లపు ప్రాంతం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లతో పాటు డెల్టా మురుగు కాలువల నీరు కూడ ఇందులో చేరి, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. వరదను తనలో ఇముడ్చుకొని క్రమంగా విడిచిపెట్టడం ఈ మంచినీటి సరస్సు సహజ ధర్మం. ఆటపాక వద్ద గూడు కట్టే గూడబాతులకూ, తీర గ్రామాల మత్స్యకారులకూ ఇదే జీవనాధారం.

సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు వరకు గల ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చోటు లభించింది. 2006లో ఆక్రమిత చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తొలగించారు. నాటి నుండి చర్చ ప్రధానంగా హద్దు చుట్టూనే సాగుతున్నది. +3 అడుగులకు కుదించాలని కొందరు, కూడదని మరికొందరు వాదిస్తున్నారు. హద్దు అవసరమే, కాని మురుగు కాలువలో వచ్చే నత్రజని, భాస్వరాలను ఏ హద్దూ ఆపలేదు.

వరి పైరుకు వేసిన నత్రజనిలో సగానికి పైగా పైరుకు అందక నష్టమవుతుంది. అందులో కొంత నీటితో కొట్టుకుపోతుంది. పట్టణాల మురుగు, చేపల చెరువుల వ్యర్థ జలాలు దీనికి తోడవుతాయి. ఈ పోషకాలతో గుర్రపు డెక్క విజృంభిస్తుంది. అది కుళ్ళినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. నేరుగా గాలి పీల్చగల కొర్రమీను వంటివి కొంత తట్టుకున్నా, తక్కిన చేపలు నశిస్తాయి. పేరుకున్న కలుపు నీటి పారుదలకు అడ్డుపడి ముంపును పెంచుతుంది. ఆ ముంపు తిరిగి పల్లపు వరి పొలాలనే దెబ్బతీస్తుంది.

కావున సరస్సు రక్షణ ఎగువ పొలంలోనే ఆరంభం కావాలి. భూసార పరీక్షను అనుసరించి భాస్వరం మోతాదును నిర్ణయించాలి. నత్రజనిని దఫాలుగా, ఆకు రంగు పట్టిక సాయంతో అందించాలి. బురద పదునులో యూరియా చల్లి, 36-48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలి. ఎరువు వేసిన వెంటనే మడి నీటిని కాలువలోకి వదలరాదు. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైర్లు రసాయనిక నత్రజని అవసరాన్ని తగ్గిస్తాయి.

ఇవి రైతుకు కొత్త భారం కావు. ఎరువుల ఖర్చును తగ్గించేవే. పట్టణ మురుగు శుద్ధి, చెరువుల నియంత్రణ లేనిదే ఇవి మాత్రమే సరిపోవన్నది వాస్తవం. అయినను విస్తరణ శాస్త్రవేత్తల చేతిలో ఉన్న మార్గం ఇదే. మురుగు కాలువ ఆయకట్టును ఒక యూనిట్‌గా తీసుకొని, రైతులందరిచే ఒకేసారి ఈ పద్ధతులను ఆచరింపజేసి, కాలువ నీటిలోని పోషకాలను సాగు కాలమంతా కొలిచినచో, ఫలితం రైతుకూ మత్స్యకారునికీ కూడ కనబడుతుంది.